నారింజ రంగు గాజు

"ఇల్లేమన్నా రాసిచ్చేస్తున్నానా, పొలమేమన్నా రాసిచ్చేస్తున్నానా? గ్రైండరండీ. పిండి రుబ్బుకునే గ్రైండరు. దానిక్కూడా మీ సంతకం కావాలేటి?" అంది అత్తయ్య.

"నా సంతకం ఎందుకు, నీదే ఉంది. నెల్లాళ్ళు పెద్ద నిర్ణయాలు తీసుకోనని ఆ కాగితం మీద పెట్టావు," అన్నారు మామయ్య, పేపరు దించకుండా.

"గ్రైండరు పెద్ద నిర్ణయమా?"

"అది గుమ్మం దాటితే ఈ కొంపలో ఇడ్లీ ఉండదు. ఇంతకంటే పెద్దదేముంటుంది?"

అప్పటికి అరగంట నుంచీ ఇదే వరస. కొవ్వూరులో చెల్లెలు ఆదిలక్ష్మి నడిపే మెస్సుకి తన గ్రైండరు పంపిస్తానని అత్తయ్య, పంపడానికి వీల్లేదని మామయ్య. మా ఆయన ఫణి ఇద్దరి మధ్యనుంచి చాకచక్యంగా టవలు అందుకుని స్నానానికి వెళ్ళిపోయాడు.

"హైమా, నువ్వు చెప్పవే. ఆ కాగితం రాసింది మీ ఆఫీసువాళ్ళే కదా," అంది అత్తయ్య నావైపు తిరిగి.

నేను మా అమ్మాయి తన్మయి లంచ్ బాక్సు మూత బిగించడంలో తలమునకలై ఉన్నట్టు నటించాను.

"దాన్నెందుకు ఇరికిస్తావు? ముందు గాజు చూపించు," అన్నారు మామయ్య.

అత్తయ్య కుడిచెయ్యి కొంగు చాటుకి తీసుకుంది. కానీ పక్కనే కూర్చుని ఇడ్లీ తింటున్న తన్మయికి తొమ్మిదేళ్ళు. ఆ వయసు పిల్లల ముందు ఏదీ దాగదు.

"నారింజ," అంది తన్మయి. "నానమ్మది ఇంకా నారింజే."

"చూశావా? మాట్లాడేది నువ్వు కాదు, మందు," అని మామయ్య పేజీ తిప్పారు.

అత్తయ్య చట్నీ గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. గెలిచిన మనిషిలా మామయ్య, ఓడిన మనిషిలా అత్తయ్య. నేను మాత్రం బతికిపోయినదానిలా ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఊపిరి సంగతి తరవాత చెబుతాను.

పన్నెండేళ్ళ క్రితం కోనసీమలో ఒక పెళ్ళికి వెళ్ళి వస్తుంటే అత్తయ్య ఎక్కిన పంటు ఏటి మధ్యలో ఒరిగిపోయింది. రెండు పడవలు కలిపి కట్టి పైన బల్లలు పరిచిన రేవు పంటు అది. అందరూ నీళ్ళలో పడ్డారు. ఒక్కరు తప్ప అందరినీ బయటికి తీశారు. ఆ ఒక్కరూ అత్తయ్య చెయ్యి పట్టుకున్న మనిషి. పేరు కూడా తెలియదు, పెళ్ళిలో పక్క విస్తరి ముందు కూర్చున్నావిడ. ఆ రోజు నుంచీ అత్తయ్య ఏరు దాటలేదు. పడవే కాదు, వంతెన కూడా. రాజమండ్రిలో మా డాబా ఎక్కితే కొవ్వూరు గట్టు కనిపిస్తుంది. గోదావరి స్టేషన్లో ప్యాసింజరు ఎక్కితే పావుగంట. ఆ పావుగంట పన్నెండేళ్ళుగా ఆవిడ వల్ల కాలేదు. చెల్లెలి కూతురి పెళ్ళికి కూడా వెళ్ళలేదు. డాబా మీద నిలబడి అటువైపు అక్షింతలు వేసింది.

నేను పనిచేసే మానసిక ఆరోగ్య పరిశోధన కేంద్రంలో అలాంటివాళ్ళ కోసమే ఒక ప్రయోగం నడుస్తోంది. ఎండీఎంఏ అనే మందు. దాన్ని తూచి, కొలిచి, మాటల చికిత్సతో కలిపి నెల తేడాతో రెండుసార్లు ఇస్తారు. దానివల్ల భయం కొన్ని గంటలు పక్కకి తప్పుకుంటుంది. ఆ సందులో మనిషి తను ఎన్నాళ్ళుగానో చూడలేనిదాన్ని తిరిగి చూడగలుగుతాడు. నేను ఇంటికి తెచ్చిన కరపత్రం అత్తయ్య రెండుసార్లు చదివి, నాకు చెప్పకుండా బస్సెక్కి వెళ్ళి, ఆ ప్రయోగం నడిపే డాక్టర్ సలోమి ముందు కూర్చుంది. ఉద్యోగుల బంధువులు చేరకూడదని లేదు. వాళ్ళ కాగితాలు మాత్రం మేం చూడకూడదు.

ఇంట్లో తుఫాను లేచింది. మామయ్య స్వయంగా వెళ్ళి డాక్టరుని నిలదీశారు.

"పబ్బుల్లో దొరికితే పోలీసులు పట్టుకెళ్ళే బిళ్ళ మా ఆవిడకిస్తారా?"

"అదేనండి," అన్నారు డాక్టర్ సలోమి తాపీగా. "అక్కడ అందులో ఏం కలిపారో తెలియదు, ఎంతుందో తెలియదు, పక్కన ఎవరుంటారో తెలియదు. ఇక్కడ మూడూ తెలుసు."

"అయితే ముప్పు లేదంటారు."

"ఉందండి. గుండె వేగం పెరుగుతుంది, ఒళ్ళు వేడెక్కుతుంది. అందుకే ముందు గుండె పరీక్షలు, బీపీ పరీక్షలు. ఆ తరవాత పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇద్దరం పక్కనుంచి కదలం. ముప్పు లేదని ఎవరన్నా చెబితే వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళకండి."

ఆ మాటతో మామయ్య సగం మెత్తబడ్డారు. మిగతా సగంతో, మందిచ్చిన రెండు రోజులూ నాలుగు లీటర్ల నీళ్ళ సీసా పట్టుకుని వరండాలో కాపలా కూర్చున్నారు. ఆవిడకి దాహమేస్తుందని గంటకోసారి తలుపు కొట్టేవారు. నర్సు ఆ సీసా పుచ్చుకుని బల్లకింద పెట్టేసింది. ఈ మందు మీద నీళ్ళు మరీ ఎక్కువ తాగినా ప్రమాదమే, ఒంట్లో ఉప్పు పలచబడిపోతుంది. కొలిచిన గ్లాసులో ఉప్పు మజ్జిగ ఇచ్చారు. "నా పెళ్ళానికి మజ్జిగ కొలిచి పోస్తున్నారు," అని మామయ్య నెల్లాళ్ళు అందరికీ చెప్పుకున్నారు.

రెండోసారి శుక్రవారం. సాయంత్రం నేను ఇంటికి తీసుకొస్తుంటే ఆటోలో అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది.

"చెయ్యి నేనే వదిలేశాననుకున్నానే ఇన్నాళ్ళూ. ఇవాళ మళ్ళీ అంతా చూశాను. మెల్లిగా, మొదట్నుంచీ. నేను వదల్లేదు హైమా. నీళ్ళు లాక్కున్నాయి." నా చెయ్యి వదలకుండా, "ఆవిడ చీర నిమ్మపండు రంగు. మర్చిపోయాను," అంది. ఏడవలేదు. ఎండ పడుతున్న రోడ్డుని చూస్తూ కూర్చుంది.

మర్నాడు కాఫీల దగ్గర తన ఆలోచన చెప్పింది. ఆదిలక్ష్మి ఏళ్ళ తరబడి పిలుస్తోంది. వారం వారం సోమవారం కొవ్వూరు వెళ్ళి గురువారం సాయంత్రం వచ్చేస్తుందట. ఆ నాలుగు రోజులూ మెస్సు వంట తనదట.

అక్కడే గాజు అడ్డొచ్చింది.

గాజు మా కేంద్రం కనిపెట్టిన వస్తువు. దాన్ని సరిచూసి అమర్చే పని నాది. మందు ఒంట్లోంచి రెండు మూడు రోజుల్లో పోతుంది గానీ అది రేపిన మెత్తదనం, అందరి మీదా కలిగే ప్రేమ, కొందరిలో వారాలపాటు నిలుస్తాయి. మొదటి విడతలో ఒకాయన తనని ఇంటికి దించిన ఆటో అతనికి ఇంటి స్థలం ఇచ్చేస్తానని పట్టుబట్టాడు. అది నవ్వుకునే సంగతి. ఒకావిడ, కొట్టే మొగుణ్ణి క్షమించేసి తిరిగి వెళ్ళింది. మూడో వారానికి చేతికి కట్టుతో వచ్చింది. అది నవ్వుకునేది కాదు. మనిషి అనే మాట ఎప్పుడు మనిషిది, ఎప్పుడు మందుది అని తేల్చడానికి ఈ గాజు పుట్టింది. మెత్తదనం ఉన్నప్పుడు ఒంట్లో ఊరే పదార్థాలని చెమటలో పట్టుకుంటుంది. ఎక్కువగా ఉంటే నారింజ, లేకపోతే తెలుపు. మొదట వాచీలా చేశాం. ఆడవాళ్ళు పిండి కలిపేటప్పుడు తీసి గూట్లో పెట్టేవారు. గాజులా చేస్తే ఎవరూ తియ్యలేదు. అత్తయ్య మాత్రం "ఒంటి గాజేమిటి, అపశకునం," అని అటూ ఇటూ ఆకుపచ్చ మట్టిగాజులు వేసుకుంది.

నియమం ఏమిటంటే, ముప్ఫై రోజులు గడవాలి, ఆపైన గాజు వరసగా మూడు రోజులు తెల్లగా ఉండాలి. అప్పటిదాకా ఆస్తులు, పెళ్ళిళ్ళు, ఇల్లు వదలడాలు వద్దు.

అత్తయ్య గాజు తెల్లబడనే లేదు. తెల్లవారుజామున కాస్త పాలిపోయేది, కాఫీ వేళకి మళ్ళీ వెలిగేది. ఇంట్లో అందరికీ అది అలవాటైపోయింది. ఆవిడ పక్కింటివాళ్ళకి పచ్చడి పంపితే గాజు చూసేవారు. పాట పాడుకుంటే గాజు చూసేవారు. ఒక సాయంత్రం తన్మయిని తీసుకుని రేవుకి వెళ్ళి, పన్నెండేళ్ళ తరవాత మొదటిసారి గోదావరిలో కాళ్ళు పెట్టిందావిడ. నేనూ మామయ్యా మెట్ల మీద ఉన్నాం. చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, పాదాల చుట్టూ చేరిన చేపపిల్లల్ని చూసి పకపకా నవ్వింది.

"మందు," అన్నారు మామయ్య.

అత్తయ్య నవ్వు ఆపి గాజువంక చూసుకుంది. ఆ చూపు నాకు గుచ్చుకుంది. ఎవరో అరువిచ్చిన నగ పెట్టుకున్నట్టు, తన నవ్వుని తనే నమ్మనట్టు చూసుకుంది.

అయినా నేనేమీ అనలేదు. ఇప్పుడు ఆ ఊపిరి సంగతి చెప్పాలి. అత్తయ్య నాలుగు రోజులు లేకపోతే తన్మయి బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరుంటారు? మామయ్యకి పథ్యం వంట ఎవరు చేస్తారు? గాజు నారింజగా ఉన్న ప్రతి పొద్దునా నాకు లోపల చల్లగా ఉండేది. భద్రత కోసం పెట్టిన నియమం నా సౌకర్యానికి సరిగ్గా సరిపోయింది.

పంతొమ్మిదో రోజు, బుధవారం, కేంద్రంలో పెద్ద చర్చ జరిగింది. మరో ఆరుగురి గాజులు కూడా తెల్లబడటం లేదు. అందరూ ఆడవాళ్ళే, అందరికీ పొద్దుటా సాయంత్రమూ ఎక్కువగా వెలుగుతోంది. పొయ్యి వేడికి గాజు పొరబడుతోందేమో అని నాకు అనుమానం వచ్చింది. అడిగి ఒక గాజు ఇంటికి తెచ్చుకున్నాను. మందు ముట్టని మనిషిని కాబట్టి నా చేతికి తొడుక్కుని పొయ్యి దగ్గర నిలబడితే తేలిపోతుంది.

అట్లు పోశాను. తెలుపు. ఆవిరి మీద చెయ్యి పెట్టాను. తెలుపు. పావుగంట సెగలో ఉక్కిరిబిక్కిరయ్యాను. తెలుపే.

"ఏటే ఆ తపస్సు?" అంటూ వచ్చింది అత్తయ్య, ఉల్లిపాయలు ముందేసుకుని. విషయం చెప్పాను. ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ, పెళ్ళైన కొత్తలో మామయ్య తనని మెప్పించాలని వంట చేసిన కథ ఎత్తుకుంది. ఇంగువ అనుకుని హారతి కర్పూరం పోపులో వేశారట. వంటింట్లోంచి గుడి వాసన వస్తుంటే వాళ్ళత్తగారు పూజ అయిపోయిందనుకుని పరుగున వచ్చి కళ్ళకద్దుకున్నారట, పప్పుని.

"తిన్నారా?"

"ఆవిడ మహా భక్తురాలు. తీర్థంలా పుచ్చుకుంది."

నాకు నవ్వు ఆగలేదు. అట్లకాడ కిందపడింది. అత్తయ్య నన్ను పట్టుకుని నవ్వుతోంది, తన్మయి ఎందుకో తెలియకుండానే వచ్చి నవ్వుతోంది. కళ్ళు తుడుచుకుందామని చెయ్యెత్తాను. నా గాజు నారింజ.

పొయ్యి మీద అట్టు మాడిపోయింది.

ఆ గాజు మందుని కనిపెట్టడం లేదు. మనిషి ఆనందాన్ని కనిపెడుతోంది. అంతే. కారణం మందైనా, చేపపిల్లలైనా, కర్పూరం పప్పైనా దానికొకటే.

మరి ఇన్ని పరీక్షలు చేసి ఎలా పొరబడ్డాం? ఫైలు తీసి చూశాక తెలిసింది. మందు తీసుకోనివాళ్ళ చేతికి గాజు ఎప్పుడూ తెల్లగానే ఉంటుందని మేం నలభై మందిమీద రుజువు చేశాం. నలభై మందీ మా ఉద్యోగులే. ఏసీ గదిలో, కుర్చీల్లో, సోమవారం పొద్దున్న పదింటికి.

తెలిసింది బుధవారం. చెప్పింది శుక్రవారం. మధ్య గురువారం ఎందుకు చెప్పలేదని నన్ను ఎవరూ అడగలేదు. గాజు మీద నా రెండేళ్ళ పని పోతుందన్నది ఒకటి. తన్మయి బడి నుంచి వచ్చే వేళన్నది రెండోది. రెండోదే పెద్దది. గురువారం సాయంత్రం అత్తయ్య తన్మయికి జడ వేస్తూ ఏదో గుర్తొచ్చి తనలో తను నవ్వుకుని, వెంటనే గాజువంక చూసుకుని, నవ్వు మింగేసింది. ఇక ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

శుక్రవారం డాక్టర్ సలోమి అంతా విన్నారు. ఫైల్లో తేదీ, వారం చూశారు. కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టి, భుజాలు కదిలేలా చాలాసేపు నవ్వారు.

"నలభై మందిలో ఒక్కరికీ సంతోషం లేదు, అది మనకి తోచలేదు. నేనూ ఉన్నాను అందులో." తరవాత గొంతు మారింది. "ఆ ఏడుగురూ తమ సంతోషాన్ని తామే అనుమానించుకుంటూ తిరిగారు హైమా. దానికి నవ్వలేం. ఇవాళే గాజులు తీయిద్దాం. ఎందుకు తీస్తున్నామో కూడా వాళ్ళకి చెప్పాలి, ఒక్కొక్కరికీ."

ముప్ఫై రోజుల నియమం మాత్రం ఉంచారు. కట్టుతో తిరిగొచ్చినావిడని ఎవరూ మర్చిపోలేదు. వారం వారం మనిషిని, ఇప్పటికీ అదే కావాలా అని అడిగి, చెప్పిన జవాబు రాసుకోవాలన్నారు. పాత పద్ధతే, యంత్రం లేకుండా.

ఆ సాయంత్రం అత్తయ్య చేతి నుంచి గాజు నేనే తీశాను. అంతా చెప్పాను, గురువారంతో సహా.

"తెలుసులే," అంది.

"ఏం తెలుసు?"

"బుధవారం నీ గాజు వెలగలేదేటి? నేను చూళ్ళేదనుకున్నావా?"

"మరి అడగలేదే?"

"ఉద్యోగం నీది. చెప్పాల్సింది నువ్వు," అని మణికట్టు తడుముకుంది. "అయినా ఒక్కరోజేగా ఆలస్యం చేశావు. నేనైతే పన్నెండేళ్ళు చేశాను."

తరవాతి వారం మా కేంద్రంలో ఎప్పుడూ లేనంత సందడి. పొరపాటుని సరిగ్గా రుజువు చెయ్యాలి కదా. అదే నలభై గాజులూ నలభై మందికీ ఇచ్చి, ఇళ్ళకి పొమ్మన్నారు, ఎప్పుడు వెలిగిందో రాసుకు రమ్మన్నారు. వాచ్‌మన్ అప్పన్నది బస్సులో కిటికీ సీటు దొరికినప్పుడు వెలిగింది. డాక్టర్ సలోమిది ఆదివారం చర్చిలో పాటల దగ్గర. లెక్కల విభాగంలో అందరికీ సింహస్వప్నమైన సుభద్రమ్మగారిది తోటకూర మొలకెత్తిన ఉదయం. ఆవిడ ఆ కాగితం మడిచి, ఎవరూ చూడకుండా బల్లమీద పెట్టి వెళ్ళింది. ఇంట్లోవాళ్ళకీ ఇవ్వచ్చన్నారు కాబట్టి ఫణికొకటి, మామయ్యకొకటి తెచ్చాను. ఫణిది పోయిన కరెంటు వచ్చినప్పుడల్లా వెలిగింది.

"నాకెందుకే ఆడవాళ్ళ సరుకు?" అని మామయ్య గునిసారు గానీ తొడుక్కున్నారు. రెండు రోజులు ఏమీ లేదు. మూడో రోజు మళ్ళీ రేవుకి వెళ్ళాం. ఈసారి అత్తయ్య మోకాలి లోతుకి దిగింది. తన్మయి నీళ్ళు చల్లితే ఎదురు చల్లింది, తడిసిపోయింది, ఊరంతా వినపడేలా నవ్వింది. ఎవరివంకా చూడలేదు.

మెట్ల మీద మామయ్య కండువా తీసి కుడి మణికట్టుకి చుట్టుకుంటున్నారు.

"దెబ్బ తగిలిందా మామయ్యా?"

"లేదు."

"మరి?"

"ఎండ," అన్నారు. ఎండ లేదు. కండువా పల్చటిది. అందులోంచి నారింజ కనపడుతూనే ఉంది. నేను గోదావరివంక చూశాను.

ఆ తరవాత ఆయన మందు మాట ఎత్తలేదు. శనివారం పొద్దున్న నేను లేచేసరికి పొయ్యి పక్కన నిలబడి, కాఫీ పొడి ఎన్ని చెంచాలు వెయ్యాలో అత్తయ్యని అడుగుతున్నారు. ఆవిడ చెబుతుంటే ఆయన వేళ్ళమీద లెక్కపెట్టుకుంటున్నారు.

ముప్ఫయ్యో రోజు ఆదివారం. మధ్యాహ్నం అందరం భోజనాలకి కూర్చున్నాం. గుత్తివంకాయ, పప్పుచారు, వడియాలు. కొవ్వూరు నుంచి ఆదిలక్ష్మి పిన్ని కూడా వచ్చింది. మెస్సు గురించి ఒక్క మాట మాట్లాడకుండా బలవంతాన ఆపుకుంటోందని మొహం చూస్తేనే తెలుస్తోంది. అత్తయ్య అందరికీ వడ్డించి, తనూ కంచం పెట్టుకుంది. మాటల మధ్యలో, ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా, అంది.

"ఈ పొద్దున్న లేచేసరికి భయమేసింది."

మామయ్య చెయ్యి ఆగింది. పిన్ని తల దించుకుంది.

"వంతెన తలుచుకుంటే మళ్ళీ పంటు ఒరిగినట్టే ఉంది. ఈ నెల్లాళ్ళూ లేదది. అయిపోయింది, మందు దిగిపోయింది, ఇక నావల్ల కాదనుకున్నాను. మంచం మీదే కూర్చున్నాను చాలాసేపు." వంకాయ ముక్క తుంపి తన్మయి కంచంలో పెట్టింది. "కూర్చుంటే ఏమనిపించిందంటే, వెళ్ళాలని కూడా ఉంది. నిన్నెంతుందో ఇవాళా అంతే ఉంది. భయమూ ఉంది, అదీ ఉంది. రెండూ ఉన్నాయంటే, ఇక్కడున్నది నేనేగా."

ఫణి మంచినీళ్ళు తాగబోయి గ్లాసు అలాగే పట్టుకున్నాడు.

"రేపు ఏడింటి ప్యాసింజరుకి కొవ్వూరు వెళ్తున్నాను. కిటికీ పక్కన కూర్చుంటాను. గురువారం సాయంత్రం వచ్చేస్తాను," అని, అత్తయ్య తన అన్నంలోకి పప్పుచారు వేసుకుంది.